పెరట్లో బిళ్లగన్నేరు, ఆస్పత్రిలో విన్‌క్రిస్టిన్

అర్ధవీడుకు ఒక పక్క నల్లమల, ఇంకో పక్క కంభం చెరువు కింది పొలాలు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే ఇంటివాళ్ల ముందు రెండు దారులుంటాయి. ఒకటి ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో వెళ్లే బస్సు. రెండోది అడవి. నేలవేము కషాయమనో, పసుపు ముద్ద అనో, బిళ్లగన్నేరు ఆకనో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఈమధ్య ఫోన్లలో దానికి శాస్త్రం కూడా తోడైంది: 'క్యాన్సర్ జన్యువులను ఇది ఆపేస్తుందని పరిశోధనలో తేలింది' అంటూ. చిక్కేమిటంటే, ఆ మాట చాలాసార్లు అబద్ధం కాదు. అయినా దాన్ని పట్టుకుని చికిత్స మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ప్రకృతి మందు, కెమికల్ మందు అని గీత గీయడంలోనే పొరపాటుంది. పదార్థం అడవిలో దొరికిందా, ఫ్యాక్టరీలో తయారైందా అన్నది పెద్ద విషయం కాదు. కణంలో అది దేన్ని పట్టుకుంటుంది, అక్కడిదాకా ఎంత చేరుతుంది, దానివల్ల ఎంతమంది బతికి బయటపడ్డారు అన్నవే అడగాలి.

బిళ్లగన్నేరునే చూడండి. నీళ్లు పోసే దిక్కు లేకపోయినా గోడవారన పూసే మొక్క. దాని ఆకు షుగరు తగ్గిస్తుందన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. మన దగ్గరా పరగడుపున నమిలేవాళ్లున్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఆ నమ్మకాన్నే పరీక్షించబోయారు. జమైకా నుంచి తెప్పించిన ఆకుల సారాన్ని ఎలుకలకు ఎక్కిస్తే షుగరులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు గానీ తెల్లకణాలు పడిపోయాయి. రక్త క్యాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవి ఆ జాతి కణాలే. అలా విన్‌బ్లాస్టిన్ అనే మందు బయటపడింది. తర్వాత ఎలై లిల్లీ కంపెనీ అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్‌ను వేరుచేసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. కణం రెండుగా విడిపోయే ముందు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి సన్నని పోగులు అల్లుకుంటుంది. ఆ పోగులకు ముడిసరుకు ట్యూబులిన్ అనే ప్రొటీన్. విన్‌క్రిస్టిన్ దాన్ని పట్టుకుంటే పోగు సాగదు. కణం సగం దారిలో ఇరుక్కుపోయి, చివరికి తనను తానే చంపుకుంటుంది. మన పొడవాటి నరాలకూ ఆ పోగులే ఆధారం కాబట్టి మందు ఎక్కువైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే పెద్దవాళ్లకైనా ఒక మోతాదులో సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఇక ఆకు సంగతికొస్తే, ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కు ఇంకా ఎక్కువే. పరగడుపున నమిలే నాలుగాకుల్లో మందు మోతాదు ఎక్కణ్నుంచి వస్తుంది? వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లు మాత్రం వస్తాయి. వాటిలో విషాలూ ఉన్నాయి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి ఇంకా ఆసక్తికరం. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత అమెరికా వెళ్లిన వైద్యుడాయన. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది, కొన్ని రకాల రక్తహీనతకు మంచి మందు. కానీ బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఆ కోవ పదార్థాలు ఇస్తే జబ్బు మరింత జోరందుకున్నట్టు కనిపించింది. దాంతో సుబ్బారావు బృందం తయారుచేసిన నకిలీ ఫోలిక్ ఆమ్లం, ఎమైనోప్టెరిన్, ఫార్బర్ చేతికొచ్చింది. కణం దాన్ని అసలుదే అనుకుని లోపలికి రానిస్తుంది. తీరా కొత్త డీఎన్ఏ రాసుకోవడానికి కావలసిన సరుకు తయారవదు. ఈ మందు పొందిన 16 మంది పిల్లల్లో 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆకుకూర విటమిన్ జబ్బుకు మేతైతే, ఫ్యాక్టరీ నకిలీ దాన్ని కట్టేసింది. ఎమైనోప్టెరిన్ తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్, బిళ్లగన్నేరు బిడ్డ విన్‌క్రిస్టిన్, ఇంకొన్ని మందులు కలిపి వాడుతున్న ఈ కాలంలో, మంచి చికిత్స అందే దేశాల్లో ఆ లుకేమియా పిల్లలు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

ఇక జన్యువుల మాట. కాలేయ కణంలోనూ చర్మ కణంలోనూ ఉన్నవి దాదాపు అవే జన్యువులు. ఏవి పనిచేస్తున్నాయి, ఏవి మూతపడ్డాయన్నదే తేడా. మార్కాపురం పలకలా రాయి మారదు, బలపం రాత మారుతుంది. ఈ రాతను మార్చి క్యాన్సర్‌ను నయం చేసిన నిఖార్సైన ఉదాహరణ ఒకటుంది. ప్రోమైలోసైటిక్ లుకేమియాలో రెండు జన్యువులు అతుక్కుని పుట్టిన ప్రొటీన్, తెల్లకణాలు పరిపక్వమయ్యేందుకు కావలసిన జన్యువులను మూసేస్తుంది. షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ బృందం 1980ల్లో విటమిన్-ఎ కోవకు చెందిన రెటినోయిక్ ఆమ్లం ఇచ్చింది. ఆ మూత తెరుచుకుని కణాలు పరిపక్వమై, సహజంగానే చనిపోయాయి. చైనా సంప్రదాయ వైద్యం నుంచి వచ్చిన ఆర్సెనిక్ ఆ తప్పుడు ప్రొటీన్‌నే కూల్చేస్తుంది. మన పాషాణమే! ముప్పు మరీ ఎక్కువ లేని రోగులకు ఈ రెండూ కలిపి ఇచ్చిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండేళ్లకు వాళ్లలో 97 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ప్రాణాలతో ఉన్నారు. రెటినోయిక్ ఆమ్లంతో కీమో తీసుకున్నవాళ్లలో అది 86 శాతం.

మరి పసుపో? అందులోని కర్క్యుమిన్ కూడా గాజు పాత్రలోని కణాల్లో వందల జన్యువుల తీరు మారుస్తుంది. నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్ వాపును రగిలించే జన్యువులను అణచివేస్తుంది. అయితే పాత్రలో కాస్త ఉప్పు ఎక్కువైనా, వేడి నాలుగు డిగ్రీలు పెరిగినా కణం బతకడం కోసం వందల జన్యువుల తీరు మార్చుకుంటుంది. జన్యువుల తీరు మారిందంటే కణం స్పందించిందని మాత్రమే అర్థం. రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగించినా రక్తంలోకి చేరేది అతి స్వల్పం. గాజు పాత్రల్లో వాడే మోతాదు దానికి ఎన్నో రెట్లు. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే, ఆ 8 గ్రాముల కోసం రోజూ పావుకిలో పైన పసుపు తినాలి. కర్క్యుమిన్‌పై మనుషుల్లో జరిగిన 120కి పైగా ప్రయోగాలను 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు తిరగేశారు. కట్టుదిట్టంగా జరిపిన పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని తేల్చారు.

మందుల కంపెనీలు మూలికలను తొక్కిపెడుతున్నాయన్నది తరచూ వినిపించే అభ్యంతరం. లాభాపేక్ష నిజమే, ధరల దోపిడీ కూడా నిజమే. కానీ విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, ఎటోపొసైడ్ అనే క్యాన్సర్ మందులన్నీ మొక్కల నుంచి పుట్టినవే, అమ్మిందీ ఆ కంపెనీలే. పనిచేసే మూలికను అవి వదులుకోవు. కీమో కూడా ఒంటిని గుల్ల చేస్తుంది కదా అంటారు. చేస్తుంది. అయితే ఆ నష్టం ఎంతో ముందే లెక్క తెలుసు, రక్తపరీక్ష చూసి మోతాదు తగ్గిస్తారు. కషాయానికి అలాంటి లెక్క లేదు. పెద్దల అనుభవాన్ని నేను కొట్టిపారేయను, నోబుల్‌కు దారి చూపింది అలాంటి అనుభవమే. దారి చూపడం వేరు, గమ్యం చేర్చడం వేరు. అన్నిటికన్నా ప్రమాదకరమైన వాదన మరొకటుంది: 'పక్కన వాడితే నష్టమేముంది?' గ్రీన్ టీలోని ఒక పదార్థం బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందును పట్టుకుని పనికిరాకుండా చేస్తుందని 2009లో ఎలుకల మీద తేలింది. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ అసలే కాలేయం మీద భారం వేసే మందు. పప్పులో చిటికెడు పసుపుతో ఏ భయమూ లేదు, మాత్రల సంగతి వేరు.

కాబట్టి చికిత్స మధ్యలో ఆపకండి. ఇంట్లో ఏ పొడి, ఏ కషాయం, ఏ మాత్ర వాడుతున్నా దాచకుండా డబ్బాతో సహా పట్టుకెళ్లి క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.