మాల తీసిన మరునాడు: యువతలో వ్యసన విముక్తికి స్థానిక ఆచారాల తోడ్పాటు

వైద్య అవసరాలకు మినహా మత్తు పానీయాలు, మాదక ద్రవ్యాల వినియోగాన్ని నిషేధించుటకు రాజ్యం కృషి చేయవలెనని భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రవ్యాప్త సారా నిషేధానికి దారితీసినది. 1995 జనవరిలో అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింపబడినది. చట్టంతో పాటు ప్రజల భాష, నమ్మకం, భాగస్వామ్యం కూడా అవసరమన్నది ఈ చరిత్ర నేర్పిన పాఠం.

కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ భాగస్వామ్యానికి అనువైన ఆచారాలు అనేకం కలవు. అయ్యప్ప మాల ధరించిన యువకుడు మండల కాలం, అనగా 41 రోజులు, మద్యం ముట్టడు. రంజాన్ మాసంలో అనేకమంది ముస్లిం యువకులు ఇదే నియమం పాటిస్తారు. ఆ రోజులలో త్రాగమని బలవంతపెట్టేవారు ఉండరు. ఇంటిల్లిపాదీ తోడుగా నిలుస్తారు. మాల తీసిన మరునాడు ఆ తోడు తొలగిపోవుటయే అసలు సమస్య. కావున దీక్ష ముగియక మునుపే గురుస్వాములు, మసీదు పెద్దలు, చర్చి పాస్టర్ల సహకారంతో ఆరోగ్య కార్యకర్తలు ఆ యువకులను కలిసి కౌన్సెలింగ్‌కు మళ్లించడం ప్రయోజనకరం.

అయితే ఒక హెచ్చరిక. ప్రతిదినం అధికంగా త్రాగేవారు అకస్మాత్తుగా మానివేసినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం సంభవించవచ్చు. అట్టివారు మాల వేయుటకు ముందే ప్రభుత్వ వైద్యుని సంప్రదించవలెను. వ్యసనం నీతిలోపం కాదు, చికిత్సకు లొంగే వ్యాధి.

సేవలు అందరికీ అందవలెనన్న, ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు ఉర్దూలోను, సుగాలి తండాలలో వారి భాష తెలిసిన కార్యకర్తల ద్వారాను సలహాలు అందించవలెను. ఆదోని, కోసిగి ప్రాంతాల నుండి గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు వలస వెళ్లే యువతను బయలుదేరక ముందు, తిరిగి వచ్చిన పిమ్మట కలుసుకొనుట అవసరం.

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరులోను, జాతీయ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446 నంబరులోను ఉచిత సలహాలు లభించును. మాదక ద్రవ్యాలకు బానిసలై, స్వల్ప పరిమాణం లేదా వాడకం కేసులలో నిందితులైన వారు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ముందుకు వచ్చినచో, 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం సెక్షన్ 64ఏ షరతులతో ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పిస్తున్నది. ఈ విషయాన్ని అధికారులు గ్రామసభలలో వివరించవలెను. చికిత్స పొందుతున్న వారి పేర్లు, ఛాయాచిత్రాలు ప్రచురించకుండుట ద్వారా పాత్రికేయులు ఈ కృషికి ఎంతగానో తోడ్పడగలరు.