పాడైన కార్తూస్‌ను ఇంట్లో విప్పొద్దు

బంట్వారం వైపు కంది, మొక్కజొన్న చేలల్లో అడవి పందులు పడితే రైతుకు ముందు గుర్తొచ్చేది తుపాకీయే. దానికి అటవీ శాఖ అనుమతి, ఆయుధ లైసెన్సు రెండూ కావాలి. అయితే తుపాకీ కంటే కార్తూస్ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు.

కార్తూస్‌లో ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు ఉంటాయి. కొన్ని దేశాల్లో షూటర్లు వీటిని చేతితోనే నింపుకుంటారు. మందు ఎక్కువైందని అనుమానమొస్తే కాల్చరు, గుండు ఊడదీస్తారు. సుత్తిలాంటి బోలు పనిముట్టులో కార్తూస్ బిగించి దిమ్మెపై కొడతారు. కేసు అక్కడే ఆగిపోతుంది, గుండు తన వేగంతో ముందుకు జారి ఊడుతుంది. 458 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి పెద్ద తూటాలో గుండు 32 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

ఇది చూసి మనం పటకారు, మామూలు సుత్తి పట్టుకుంటే వేళ్లు, కళ్లు పోతాయి. గుండు ఊడినా ప్రైమర్ పేలే స్థితిలోనే ఉంటుంది. పైగా లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే నాలి అటువైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. తర్వాత లైసెన్సున్న డీలర్‌కు చూపించండి. పొలంలో తూటా దొరికితే ముట్టకుండా 112కు ఫోన్ చేయండి.