మిద్దెకప్పు పెచ్చులూడినప్పుడు

కృష్ణ సాగరాభిముఖమై సాగిపోవు చోట, పులిగడ్డకు ఎదుటి యొడ్డున నున్న పెనుమూడి వంటి గ్రామములలో, పాత మిద్దెయిండ్ల కప్పునుండి సున్నపుపూత పెచ్చులుగా రాలినప్పుడు, కారణమును పూతలో గాక ఉప్పుగాలిలోను వాననీటిలోను వెదకవలెను.

మద్రాసు మిద్దె యని పేరొందిన కప్పులయందు, టేకుదూలములపై వాసములను దగ్గరదగ్గరగా పేర్చి, వానిపై పలుచని యిటుకలను సున్నముతో నిలువుగా నమర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటును దిమ్మిసచేసి, అడుగున సున్నము పూయుదురు. కావున క్రింద మరక కనబడినచో, మిద్దెపై బీటలను పూడ్చి, తూములను బాగుచేసి, కప్పు సంపూర్ణముగా ఆరినపిదప గాని లోపలిపనికి పూనుకొనరాదు. ఈ నిరీక్షణము గృహస్థులకు దుస్సహమే. కాని పనియంతటిలో ముఖ్యమైనది ఇదియే.

పిమ్మట పూతను వ్రేలికణుపులతో తట్టిచూడగా, డొల్లగా మ్రోగిన భాగము ఇటుకను విడిచినదని తెలియును. దానిని మాత్రమే తీసి, గోడలో నాటిన దూలపుకొనలకు చెదలు గాని చివుకు గాని పట్టినదేమో పరీక్షించి, ఇటుకల సందులను గీకి, దుమ్ముదులిపి, తడిపి, జల్లించిన యిసుకతో గలిపిన గానుగసున్నమును పలుచని పొరలుగా, ఒకటి బిగిసినపిదప మరియొకటి పూయింపవలెను.

సిమెంటు వలదని నా దృఢాభిప్రాయము. అది గట్టిదే, కాని మెత్తని పాతసున్నముతో పొత్తు కుదరక, లోని తేమను వెలికిపోనీయక, చుట్టునున్న మంచిపూతను సైతము ఊడదీయును. 1977 నవంబరు 19 నాటి యుప్పెనను చూచిన యీ తీరమున అట్టి మిద్దె యేదైన మిగిలియున్నచో, కూలగొట్టుటకు ముందు సున్నపుపని తెలిసిన వృద్ధమేస్త్రీకి ఒకమారు చూపింపుడని వేడుచున్నాను.

క్రొత్తపూత గాలిలోని బొగ్గుపులుసువాయువును మెల్లమెల్లగా గ్రహించి గట్టిపడును. కనుక కొన్నిదినములు వడగాలి సోకనీయక, సన్నని నీటితుంపరలతో తడుపుచు, పిదపనే వెల్ల వేయింపవలెను.