గలిజేరు - ఒక పేరు, రెండు మొక్కలు

తొలకరి వానలు పడిన పది రోజులకు మీ బడి ఆవరణలోనో, చేను గట్టు మీదో, రైలు కట్ట పక్కనో నేలను కాస్త పరిశీలించి చూడండి. వేసవి అంతా బోసిగా ఉన్న చోట ఎర్రటి సన్నని కొమ్మలు నేలను కరుచుకొని నాలుగువైపులా పాకుతూ కనిపిస్తాయి. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. అదే అటికమామిడి. చాలా ఊళ్ళలో ఎర్ర గలిజేరు అంటారు. సంస్కృతంలో దీని పేరు పునర్నవ, అంటే మళ్ళీ కొత్తగా పుట్టేది అని అర్థం.

ఎండిపోయిన మొక్క మళ్ళీ ఎలా పుట్టింది? దాని రహస్యం నేల లోపల ఉంది. ఇది బహువార్షిక గుల్మం. దీని తల్లివేరు కదురులా లావుగా ఉండి లోతుకు దిగుతుంది. వానాకాలంలో ఆకులు తయారుచేసిన ఆహారం ఈ వేరులో నిల్వ ఉంటుంది. ఎండలకు పైభాగం మాడిపోయినా వేరు బతికే ఉంటుంది. తడి తగలగానే కొత్త చిగుళ్ళు వేస్తుంది.

శాస్త్రజ్ఞులు దీన్ని బోయర్‌హావియా డిఫ్యూజా అంటారు. హాలెండు దేశంలోని లైడెన్‌లో వైద్యమూ వృక్షశాస్త్రమూ బోధించిన హెర్మన్ బోయర్‌హావె (1668-1738) పేరు మీద ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చింది. కాగితం పూల చెట్టు, చంద్రకాంత మొక్క దీనికి చుట్టాలే. ఈ మూడూ నిక్టాజినేసి కుటుంబానికి చెందినవి.

దీని పువ్వు ఆవగింజ కంటే కొంచెం పెద్దది, అంతే. భూతద్దంలో చూస్తే లేత గులాబీ రంగు గిన్నెలా ముద్దుగా ఉంటుంది. నిజానికి ఇందులో ఆకర్షక పత్రాలే లేవు. మనకు రంగుగా కనిపించేది పరిపత్రం. దాని కింది భాగం అండాశయాన్ని కప్పి ఉంచి, కాయకు తొడుగుగా మారుతుంది. ఆ తొడుగు మీద అయిదు గీరలు, జిగురు గ్రంథులు ఉంటాయి. గట్టు మీద నడిచి వచ్చాక మీ లంగా అంచుకో, లాగు అంచుకో చిన్న చిన్న కాయలు అంటుకొని ఉన్నాయా? అయితే ఈ మొక్క విత్తనాలను మీరే మోసుకొచ్చారన్న మాట! మేకలూ, పక్షులూ చేసే పని కూడా ఇదే.

రెండో గలిజేరు

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గలిజేరు అనే పేరుతోనే మరొక మొక్క మన చేలల్లో పెరుగుతుంది. దాన్ని తెల్ల గలిజేరు అంటారు, కొన్నిచోట్ల అంబటిమాడు అంటారు. శాస్త్రీయ నామం ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్. కుటుంబం కూడా వేరు, ఐజోయేసి. ఇది కూడా వానలకే మొలుస్తుంది, నేల మీదే పాకుతుంది. రెండింటిలోనూ కణుపుకు రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ప్రతి జతలోనూ ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. ఇక పొరబడడంలో వింతేముంది?

కాని మూడు గుర్తులు పట్టుకుంటే పొరపాటు పడరు. మొదటిది పువ్వు. అటికమామిడిలో పూలు సన్నని పొడుగాటి కాడల చివర గుత్తులుగా ఉంటాయి. తెల్ల గలిజేరులో కాడే లేదు. ఒంటరి పువ్వు ఆకు మొదట్లో ఉన్న సంచివంటి భాగంలో దాక్కొని ఉంటుంది. రెండోది కాయ. అటికమామిడి కాయ వేలికి అంటుకుంటుంది, అది పగలదు. తెల్ల గలిజేరు కాయ డబ్బా మూతలా అడ్డంగా తెరుచుకొని నల్లని గింజలను రాలుస్తుంది. మూడోది వేరు. ఒకదానిది లావైన వేరు, రెండోదానిది సన్నని వేరు. ఎందుకంటే తెల్ల గలిజేరు ఏకవార్షికం. దానికి వచ్చే ఏటి కోసం దాచుకోవలసిన పని లేదు.

మందుగా ఎంత, ముప్పుగా ఎంత?

ఆయుర్వేదంలో పునర్నవకు శోథఘ్ని అని మరో పేరు. అంటే వాపును పోగొట్టేది. ఒంటికి నీరు పట్టినప్పుడు వైద్యులు దీని వేరును వాడేవారు. పునర్నవాసవం, పునర్నవ మండూరం ఇప్పటికీ తయారవుతున్న మందులే. 1923లో కలకత్తాలో ఆర్.ఎన్. చోప్రా, ఆయన సహచరులు ఈ మొక్క మూత్రాన్ని అధికం చేసే గుణాన్ని పరిశీలించి ప్రకటించారు. ఇందులో పునర్నవిన్ అనే ఆల్కలాయిడ్, దానితోపాటు పొటాషియం లవణాలు సమృద్ధిగా ఉన్నాయి.

ఆ పొటాషియం మాట గుర్తుంచుకోండి. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. మూత్రపిండాలు చెడినవారిలో ఆ పని సరిగా జరగదు. పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. కాబట్టి ఒకరి వాపును తగ్గించిన మొక్కే మరొకరికి ప్రాణం మీదికి తేవచ్చు. కాళ్ళు వాచడం అన్నది ఒక జబ్బు కాదు, గుర్తు మాత్రమే. గుండె, కాలేయం, మూత్రపిండం ఏది దెబ్బతిన్నా కాళ్ళు వాస్తాయి. ఏది దెబ్బతిన్నదో తేల్చవలసింది వైద్యుడు.

తెల్ల గలిజేరు సంగతి వేరు. దీని లేత ఆకును కూరగా వండుకొనేవారు ఉన్నారు. అయితే ఇందులో ఆక్సలేట్లు హెచ్చు. మూత్రపిండాలలో ఏర్పడే రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటే. "గలిజేరు కషాయం తాగితే కిడ్నీ జబ్బు నయం" అనే మాట ఈ రోజుల్లో సెల్‌ఫోనుల్లో ఇంటింటికీ చేరుతోంది. ఏ గలిజేరు? ఎంత? ఎవరికి? ఆ మాటలో ఈ మూడింటికీ జవాబు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా దాన్ని నమ్మి డాక్టరు ఇచ్చిన మందులు మానేస్తామంటే, ఈ మూడు ప్రశ్నలూ మీరే అడగండి. అడగడం తప్పు కాదు.

చేసి చూడండి

రెండు మొక్కలనూ వేళ్ళతో సహా తవ్వి తెచ్చి రెండు కుండీలలో నాటండి. నాటుకున్నాక పైభాగం నేలమట్టానికి కత్తిరించి, పది రోజులు నీరు పోయకండి. తరవాత రోజూ కొంచెం తడపండి. చిగురు వస్తే మట్టిని జాగ్రత్తగా తీసి చూడండి. అది పాత వేరు నుంచి వచ్చిందా, మట్టిలో రాలిన గింజ నుంచి వచ్చిందా? చూసినది బొమ్మ వేసుకొని, తేదీ రాసుకోండి. ఏ మొక్కనూ నోట పెట్టకండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

పెరటి చెట్టు మందుకు రాదని సామెత. పెరటి మొక్కల్లో మందుకు వచ్చేవి ఉన్నాయి. కాని ముందు అది ఏ మొక్కో మనకు తెలియాలి.