ముక్కుదారిని వచ్చు ముప్పు: వెచ్చని నీటిలోని అమీబాను గూర్చి

2025 నవంబరులో కర్ణాటక ఆరోగ్యశాఖవారు శబరిమల యాత్రికుల నుద్దేశించి ఒక హెచ్చరికను వెలువరించిరి. నిలిచిన నీట స్నానము చేయునపుడు ముక్కులోనికి నీరు పోనీయరాదనియు, అట్లు చేసిన ఏడు దినములలో జ్వరము, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగువు కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెననియు దాని సారాంశము. మేమున్న సరిహద్దు తాలూకాలో ఇండ్లలో తెలుగు, కచేరీలలో కన్నడము. కార్తికము వచ్చినదనిన మా తరగతిలోనే నలుగురైదుగురు బాలురు తండ్రులతో కూడ మాల ధరించి, చెప్పులు లేకుండ బడికి వత్తురు. నేనా ప్రకటనను తెలుగున చెప్పి వినిపించగా ఏడవ తరగతి బాలు డొకడు లేచి, "పంబలో మునగకుండా కొండెక్కేది ఎట్లా సార్?" అని యడిగెను. మాలలో నున్నవానిని గురువైనను 'స్వామీ' అనియే పిలువవలెను గదా! ఆ చిన్నస్వామికి ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. పిదప చదివి, వైద్యుల నడిగి తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాను.

ఈ వ్యాధికి మూలమైన జీవి పేరు నేగ్లేరియా ఫౌలెరీ. ఇది ఏకకణజీవి; కంటికి కనబడదు. చెరువులు, మడుగులు, నెమ్మదిగా పారు నదులు, వేడినీటి బుగ్గలు, వీని అడుగుబురదలో సూక్ష్మక్రిములను తినుచు బ్రతుకును. చలి వేళల గట్టి పొరను కప్పుకొని ముడుచుకొని యుండును; నీరు వెచ్చనైనకొలది మేల్కొని వృద్ధి పొందును. 46 డిగ్రీల సెల్సియస్ వేడిమిని కూడ ఇది తాళగలదు. ఉప్పునీట మాత్రము నిలువజాలదు. కావున సముద్రస్నానమున దీని భయము లేదు.

పత్రికలు దీనికి 'మెదడును తిను అమీబా' అని పేరు పెట్టినవి. ఆ పేరు నాకు నచ్చలేదు. అది భయమును పుట్టించునే గాని దారిని చూపదు. దారి తెలిసినవానికే గదా తలుపు వేయుట సాధ్యము! ఆ దారి ముక్కు. ఈ నీటిని త్రాగినవానికి ఈ వ్యాధి రాదు. ఒకరినుండి మరియొకరికి అంటదు. నీరు ఒత్తిడితో ముక్కులోనికి ఎగసినపుడు మాత్రమే అమీబా లోపలి పైభాగమును చేరును. అచట ముక్కునకును మెదడునకును నడుమ జల్లెడవలె సన్నని రంధ్రములుగల యెముక యొకటి కలదు. వాసనను తెలుపు నాడులు ఆ రంధ్రములగుండ మెదడునకు పోవుచుండును. ఆ నాడుల వెంటనే అమీబాయు ప్రాకిపోవును. వ్యాధి పాలగువారిలో బాలురే యధికము. గట్టుమీదినుండి దుముకువారు, అడుగుబురదను కలచువారు, ఒకరి ముఖముపై నొకరు నీళ్లు చిమ్ముకొనువారు వారే గదా.

ఈ వ్యాధి మొదట గుర్తింపబడిన కథ చెప్పదగినది. దక్షిణ ఆస్ట్రేలియాలో మాల్కమ్ ఫౌలర్, రాడ్నీ కార్టర్ అను ఇరువురు వైద్యులు నాలుగు మరణములను పరిశోధించి 1965లో ప్రకటించిరి. మెదడు పొరల వాపుతో మరణించిన ఆ రోగుల మెదడులో బాక్టీరియాకు బదులు అమీబాలు కనబడినవి. అంతవరకు స్వేచ్ఛగా నీట బ్రతుకు అమీబా మనుష్యుని చంపగలదని వైద్యలోకము తలంపనేలేదు. తరువాత 1970లో ఆ జీవికి ఫౌలర్ పేరే పెట్టబడినది. ఆ ఎడారి ప్రాంతమునకు నీరు దూరమునుండి నేలపై పరచిన గొట్టములలో వచ్చుచుండెను. దారి పొడవునను ఎండ గొట్టములను కాచెను, నీరు వెచ్చబడెను, అందలి క్లోరిన్ హరించిపోయెను. ఊరు చేరునప్పటికి కుళాయినీరే అమీబాకు నెలవైనది. కారణము తెలిసిన పిమ్మట గొట్టముల చివరివరకు మందు నిలుచునట్లు ఏర్పాటు చేసిరి. 1981 తరువాత ఆ రాష్ట్రమున ఈ వ్యాధి మరల కానరాలేదు. ఎండకు కాగు గొట్టములు మనకును కొత్త కావు. ఈ కథను ఇంత విస్తరించి వ్రాయుట అందుకే.

వ్యాధి సోకినవారిలో నూటికి తొంబదియేడుగురికి పైగా మరణించుచున్నారు. అమెరికాలో 1962 మొదలు 2023 వరకు 164 మందికి సోకగా నలుగురు మాత్రమే బ్రతికిరి. నీరు ముక్కున చేరిన పిదప సాధారణముగా అయిదారు దినములకు తలనొప్పియు జ్వరమును మొదలగును. మరి యయిదు దినములలో ప్రాణము పోవును. ఇంత స్వల్పకాలమున వైద్యుడు చేయవలసినది చాల కలదు. చిక్కేమనగా, లక్షణములన్నియు సాధారణమైన మెదడు పొరల వాపు లక్షణములే. వెన్నునీటిని తీసి, చల్లబరుపక వెంటనే సూక్ష్మదర్శినిలో చూచినగాని కదలాడు అమీబా కనబడదు. చూడవలెనని వైద్యునికి తోచుట యెట్లు? రోగి నీట దిగెనని ఎవరైన చెప్పవలెను.

కేరళలో 2024లో జరిగిన దానిని ఇట చెప్పుట అవసరము. ఆ సంవత్సరమున అచట ముప్పదియారుగురు అమీబావల్ల కలిగిన మెదడు జ్వరమునకు గురికాగా తొమ్మిదిమంది మరణించిరి. (ఈ లెక్కలో అకాంథమీబా వంటి వేరు జాతులవలన కలిగిన వ్యాధియు చేరియున్నది, అందరును ఈతగాండ్రు కారు.) కోజికోడు జిల్లాలో పదునాలుగేండ్ల బాలు డొకడు చెరువున స్నానము చేసిన కొలదిదినములకు తలనొప్పితో పడి, మూర్ఛలకు లోనయ్యెను. అతని తండ్రి వైద్యుడు కాడు; పాడిపశువులతో జీవించువాడు. కాని అంతకు మునుపే ఈ వ్యాధిని గూర్చి ఎచటనో చదివియుండెను. ఆసుపత్రికి పోవుటతోనే, "మావాడు చెరువులో దిగినాడు" అను మాటను వైద్యులకు చెప్పెను. పరీక్ష వెంటనే జరిగినది. బీహారు ప్రాంతపు కాలా-ఆజార్ జ్వరమునకు వాడు మిల్టెఫోసిన్ అను మందును, మరికొన్నింటిని కలిపి యిచ్చిరి. బాలుడు బ్రతికెను. భారతదేశమున ఈ వ్యాధినుండి బయటపడినవారిలో అతడే మొదటివాడని ఆనాడు ప్రకటించిరి. ఆ తండ్రి తన భాషలో నాలుగు పంక్తులు చదివియుండకపోయినచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. మా యూరి తల్లులకు అట్టి నాలుగు పంక్తులు తెలుగున ఎచట దొరకును?

ఇక చిన్నస్వామి ప్రశ్న. పారు నీటికన్న నిలిచిన వెచ్చని నీటనే భయ మధికము; అయినను నదిలో సైతము ముక్కును కాపాడుకొనవలసినదే. మునుగునపుడు వ్రేళ్లతో ముక్కు గట్టిగ మూసికొనుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. లేదా చెంబుతో భుజములమీద పోసికొనినను స్నానమే యగును. వేసవిలో నీరు తగ్గి పలుచబడిన కుంటలలో దుముకరాదు, అడుగు కలపరాదు. ఈతకొలనైనచో క్లోరిన్ వేయుదురా లేదా అని అడుగుటకు మొగమాటపడరాదు. జలనేతి చేయువారు మరి జాగ్రత్త వహింపవలెను. అమెరికాలోని లూసియానాలో 2011లో ఇరువురు కుళాయినీటితో ముక్కు కడిగికొని ఈ వ్యాధితో మరణించిరి. తెరలుచు ఒక నిమిషము కాగి చల్లారిన నీటినే అందులకు వాడవలెను.

ఇదియంతయు మరునాడు తరగతిలో చెప్పితిని. చిన్నస్వామి ముక్కు మూసికొని, బల్లక్రిందికి మునిగి, లేచి చూపెను, అందరును నవ్విరి. పిమ్మట ప్రతివాడును తన పుస్తకపు కడపటి పుటలో "నేను ఈ దినమున ఫలాన నీట దిగితిని" అను వాక్యమును తెలుగునను, దాని క్రింద కన్నడమునను వ్రాసికొనెను. మలయాళపు వాక్యమును మా యూరి టీ దుకాణపు యజమానిచేత చెప్పించుకొని, తెలుగు లిపిలో పలకపై వ్రాసితిని.