ఉప్పునీరు, ఎండ - సోరియాసిస్

ఎండన పడి తిరిగితే నల్లబడతావని ఆడపిల్లలను కేకలేయడం మన ఇళ్లల్లో మామూలే. అదే ఎండకోసం వేలమైళ్లు ప్రయాణంచేసే వారున్నారంటే మీకు వింతగా తోచవచ్చు. వారు సోరియాసిస్ రోగులు. వెళ్లేది మృత సముద్రానికి.

మన చర్మం పైపొర సుమారు నెలకొకసారి కొత్తదవుతుంది. ఈ జబ్బులో వంటి రక్షకకణాలే పొరబడి తొందరపెట్టడంతో ఆ పని నాలుగైదు రోజుల్లోనే జరిగి, పొలుసులు కడతాయి. ఇది అంటువ్యాధి కాదు. అయినా నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి మోచేతులు చూసి, కుదిరిన సంబంధాన్నే వద్దనుకుని వెళ్లారు పెళ్లివారు! జబ్బుకంటే ఈ భయమే ఎక్కువ బాధపెడుతుంది.

మృత సముద్రపు ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన వున్నది. నీటిలో లవణాలు మామూలు సముద్రానికి సుమారు పదింతలు. వాటిలో మెగ్నీషియానిదే పెద్దవాటా. అంత పల్లంలో గాలిపొర మందం; పైగా ఆవిరితెర. చర్మాన్ని కమిలించే కిరణాలు చాలావరకు అక్కడ వడకట్టుకుపోతాయి. అందుచేత రోగి ఎక్కువసేపు ఎండ కాగవచ్చు. ఉప్పునీరు పొలుసులను నానబెట్టి వెలుగుకు దారి ఇస్తుంది. వెలుగు ఆ రక్షకకణాల దూకుడు తగ్గిస్తుంది. నాలుగువారాల మకాంలో చాలామందికి మచ్చలు తగ్గుతాయి. కాని కొన్ని నెలలకు మళ్లీ రావచ్చు.

మరి బకెట్టులో గుప్పెడుప్పు వేసి స్నానంచేసి, మేడమీద నిలబడితే చాలదా? చాలదు సరికదా, ప్రమాదం. మన ఎండకు ఆ వడపోత లేదు. పైగా కొందరికి ఎండే జబ్బును పెంచుతుంది.

అందుకే వైద్యులు ఎండను కొలిచి ఇవ్వడం నేర్చారు. వెలుగుతో చర్మక్షయకు చికిత్సచేసిన ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. సొరాలెన్ మాత్రవేసి కిరణాలు ప్రసరింపజేసే పద్ధతి 1974లో వెలుగుచూసింది. ఆ మందుల వర్గానికి పేరు మన బావంచాల మొక్క శాస్త్రీయనామం నుంచే వచ్చింది! అయితే ఆ పద్ధతి ఏళ్లతరబడి సాగితే చర్మ క్యాన్సరు భయం వున్నది. నేడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల సన్నని కిరణపట్టీ. దీపాల గదిలో వారానికి రెండు మూడుసార్లు, కొద్ది నిమిషాలు నిలబడితే సరి. మాత్ర అక్కరలేదు, గర్భిణులకు కూడ ఇవ్వవచ్చు.

మృత సముద్రం దూరమే. కాని దీపాల గది మన పట్నాల్లోనే, చర్మవైద్యుల వద్ద వున్నది. మచ్చను దాచుకోకుండా అక్కడికి వెళ్లడం రోగి వంతు. పక్కన కూర్చుని భోజనం చేయడం మన వంతు.