పళ్ళు విడవకుండా గేరు మార్చే యంత్రం

"గేర్లన్నీ ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటే, మరి మారేదేమిటి సార్?"

డిప్లొమా విద్యార్థులకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాఠం చెప్పేటప్పుడు ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఎవరూ వేయకపోతే నేనే వేయిస్తాను. మామూలు గేర్‌బాక్స్‌లో క్లచ్ తొక్కి గేర్ రాడ్ జరిపితే లోపల ఒక స్లీవ్ పక్కకి జరిగి ఇంకో గేరును అందుకోవడం కంటికి కనిపిస్తుంది. ఆటోమేటిక్‌ను కోసి చూపించినా అలాంటిదేమీ కనపడదు. ఏ పన్నూ ఏ పన్నునూ వదలదు. అయినా బండి ఒకటో గేరు నుంచి నాలుగుకి పోతుంది, మళ్ళీ దిగుతుంది.

జవాబు చెప్పడానికి నేను పట్టుకునే ఉదాహరణ మన రోడ్ల మీద తిరిగిన బండి కాదు. 1989లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ అనే తన ఫ్యామిలీ మినీవ్యాన్లకు ఇచ్చిన ఏ604 గేర్‌బాక్స్ అది. అల్ట్రాడ్రైవ్ అని ఘనమైన పేరు పెట్టారు. చెడిపోవడంలోనూ ఘనంగానే పేరు తెచ్చుకుంది. దాన్ని తిట్టుకుంటూ దించి మార్చిన మెకానిక్‌లు అమెరికా నిండా ఉన్నారు. నాకు మాత్రం అదంటే చెప్పలేని ఇష్టం. అందులో ఒక తెలివి ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు పళ్ళ లెక్క తేలాలి. మధ్యలో సన్ గేర్, దాని చుట్టూ మూడో నాలుగో ప్లానెట్ గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు పళ్ళున్న రింగ్ గేర్. ప్లానెట్లను పట్టి ఉంచే చట్రం క్యారియర్. సన్‌కి 30 పళ్ళు, రింగ్‌కి 60 పళ్ళు ఉన్నాయనుకోండి. రింగును కదలకుండా పట్టేసి సన్‌ను తిప్పితే, సన్ 3 చుట్లు తిరిగితే గాని క్యారియర్ 1 చుట్టు తిరగదు. వేగం మూడో వంతుకు పడింది, లాగే బలం మూడింతలైంది. ఇప్పుడు రింగును వదిలేసి సన్‌ను పట్టుకుని రింగును తిప్పండి. రింగు ఒకటిన్నర చుట్లకు క్యారియర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఏ రెండిటినైనా కలిపి బిగించేస్తే మొత్తం ఒకే దిమ్మెలా తిరుగుతుంది, అది డైరెక్ట్ గేరు. క్యారియర్‌ను పట్టుకుని సన్‌ను తిప్పితే రింగు వెనక్కి తిరుగుతుంది, అది రివర్స్. ఇంత జరిగినా ఒక్క పన్ను విడిపోలేదు. ఎవరిని పట్టుకున్నాం, ఎవరిని వదిలాం అన్నదే మారింది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు అంతే.

ఇక్కడ తెలివైన పిల్లలు ఇంకో ప్రశ్నతో లేస్తారు. 60ని 30తో భాగిస్తే 2 రావాలి కదా, 3 ఎక్కడిది? అప్పుడు జేబులోంచి రెండు రూపాయి నాణేలు తీయాలి. ఒకదాన్ని బల్ల మీద కదలకుండా నొక్కి పట్టి, రెండోదాన్ని దాని అంచు వెంట జారకుండా దొర్లించుకుంటూ ఒక చుట్టు తిప్పాలి. రెండింటి చుట్టుకొలతా ఒకటే కాబట్టి దొర్లే నాణెం ఒక్కసారే తిరగాలని అందరూ పందెం కాస్తారు. అది రెండుసార్లు తిరుగుతుంది. చుట్టూ ప్రదక్షిణ చేసినందుకు ఒక చుట్టు అదనంగా పడుతుంది. గేర్ల లెక్కలోనూ ఆ అదనపు ఒకటే 2ను 3 చేసింది. ఎపిసైక్లిక్ గేర్లు అనే ఈ అమరిక సూత్రమంతా ఈ అదనపు ఒకటిలోనే ఉంది, మిగతాదంతా ఎక్కాలు.

ఈ అమరిక ఆటోమేటిక్ కోసం పుట్టింది కాదు. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో ఇదే ఉంది. డ్రమ్ముల చుట్టూ పట్టీలుండేవి, డ్రైవరు పెడల్ తొక్కితే పట్టీ బిగిసి డ్రమ్ము ఆగేది. పట్టుకునే పని మనిషి కాలు చేసేది. కాలి పనిని ఆయిలుకు అప్పగించింది జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం. వాళ్ళ హైడ్రా-మాటిక్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. అందులో గేరు ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది కూడా ఆయిలే. ఒక చిన్న వాల్వుకు ఒక కొసన బండి వేగంతో పాటు పెరిగే ఒత్తిడి, రెండో కొసన యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ పెరిగే ఒత్తిడి. వేగం వైపు నెగ్గితే వాల్వు జరిగి పై గేరుకు దారి ఇస్తుంది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే రెండోది నెగ్గుతుంది, కింది గేరే నిలుస్తుంది. వైర్లు లేవు, చిప్పులు లేవు. ఈ గేర్‌బాక్సే రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లోకీ వెళ్ళింది. రెండు కాడిలాక్ ఇంజన్లు, రెండు హైడ్రా-మాటిక్‌లు.

జనరల్ మోటార్స్ గొడుగు కిందే ఉన్న బ్యూక్ వాళ్ళకు ఇది నచ్చలేదు. గేరు మారిన ప్రతిసారీ కుదుపు వస్తోందని వాళ్ళ బాధ. 1948లో డైనాఫ్లో తెచ్చారు. దాన్ని డ్రైవ్‌లో పెడితే గేర్లు మారనే మారవు, పనంతా టార్క్ కన్వర్టర్‌దే. ఈ కన్వర్టర్ జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నది. స్టెటిన్ ఓడల కార్ఖానాలో పనిచేస్తూ, వేగంగా తిరిగే స్టీమ్ టర్బైన్‌నూ నెమ్మదిగా తిరగాల్సిన ఓడ ప్రొపెల్లర్‌నూ కలపడానికి ఆలోచించాడు. ఎదురెదురుగా పెట్టిన రెండు టేబుల్ ఫ్యాన్ల ఉదాహరణతో దీన్ని చెప్పేస్తుంటారు. ఆ ఉదాహరణ నాకు కిట్టదు, ఎందుకంటే అసలైన మూడో చక్రాన్ని అది మింగేస్తుంది. ఇంజన్ తిప్పే పంపు చక్రం విసిరిన ఆయిలు టర్బైన్‌ను తోసి వెనక్కి వచ్చేటప్పుడు పంపుకు ఎదురు దిశలో వస్తుంది, దాన్నే అడ్డుకుంటుంది. మధ్యలో కదలకుండా నిలబడ్డ స్టేటర్ రెక్కలు ఆ ఆయిలును మళ్ళించి పంపుకు సాయంగా పంపుతాయి. బండి కదిలే క్షణంలో బలం దాదాపు రెండింతలు కావడం ఆ మళ్ళింపు పుణ్యమే. అయితే డైనాఫ్లో మెత్తగా నడిచింది గాని పెట్రోలు తాగింది, పరుగు అందుకోవడానికి బద్ధకించింది.

ఈ ఇంటి పోరులో నాకు నచ్చిన ఘట్టం 1953 ఆగస్టుది. మిషిగన్‌లో లివోనియా దగ్గర హైడ్రా-మాటిక్ ఫ్యాక్టరీ కాలిపోయింది. ఉత్పత్తి మళ్ళీ మొదలయ్యే దాకా కొన్ని కాడిలాక్ కార్లు బ్యూక్ వారి డైనాఫ్లోతో బయటికి రావాల్సి వచ్చింది. చివరికి ఇద్దరివీ కలిసిపోయాయి. ముందు కన్వర్టర్, వెనక ఎపిసైక్లిక్ గేర్లు. ఆ తర్వాతి ఆటోమేటిక్‌లలో చాలావాటిది ఇదే వరస.

ఇక ఏ604. ఇందులో పట్టీలు తీసేసి, పట్టుకునే పనంతా ఆయిలు ఒత్తిడితో బిగిసే క్లచ్‌లకే ఇచ్చారు. గేర్ల దగ్గర వన్-వే క్లచ్‌లు కూడా తీసేశారు. ఇది సాహసం. వన్-వే క్లచ్ ఒక వైపే తిరగనిస్తుంది కాబట్టి కొత్త గేరు పట్టు అందుకోగానే పాత గేరు తనంతట తానే జారుకుంటుంది, సమయం కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. అది లేకపోతే ఒక క్లచ్ వదిలే క్షణమూ ఇంకోటి పట్టే క్షణమూ సరిగ్గా కలవాలి. ముందే పడితే రెండు గేర్లూ ఒకేసారి పట్టుకుని బండి గుంజుతుంది. ఆలస్యమైతే ఏ గేరూ లేక ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది. మొత్తం ఐదు క్లచ్‌లు: అండర్‌డ్రైవ్, ఓవర్‌డ్రైవ్, రివర్స్, టూ-ఫోర్, లో-రివర్స్. ఏ గేరుకైనా వీటిలో రెండే పట్టుకుంటాయి. ఒకటో గేరుకు అండర్‌డ్రైవ్, లో-రివర్స్. రెండుకు అండర్‌డ్రైవ్ అలాగే ఉండి, లో-రివర్స్ వదిలి టూ-ఫోర్ పట్టుకుంటుంది. నిష్పత్తి 2.84 నుంచి 1.57కు దిగుతుంది. మూడు 1.00, నాలుగు 0.69.

సమయం కుదిర్చేది కంప్యూటర్. కానీ దానికి క్లచ్ కనపడదు. ఇందుకు అది ముఖ్యంగా చూసేది రెండు సెన్సర్లను: లోపలికి వచ్చే షాఫ్టు వేగం ఒకటి, బయటికి పోయే వేగం ఒకటి. సోలినాయిడ్ అనే కరెంటు వాల్వు తెరిచి క్లచ్‌కి ఆయిలు పంపుతుంది, షాఫ్టు వేగం మారడం ఎప్పుడు మొదలైందో చూస్తుంది. మారిందంటే క్లచ్ పట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఎంత ఆయిలు పోయిందో లెక్కగట్టి గుర్తుపెట్టుకుంటుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన కొద్దీ పిస్టన్ ఎక్కువ దూరం జరగాలి, ఎక్కువ ఆయిలు కావాలి. కంప్యూటర్ ఆ పెరుగుదలను గమనించి, మరుసటిసారి ఆ మేరకు ముందే పంపుతుంది. నేను చెప్పిన తెలివి ఇదే. తన అరుగుదలను తానే కొలుచుకుని సర్దుకునే గేర్‌బాక్స్ 1989లో పిల్లల్ని బడికి దింపే వ్యాన్‌లో ఉంది!

లెక్క కుదరకపోతే, అంటే రెండు వేగాల నిష్పత్తి ఏ గేరుకూ సరిపోకపోతే, కంప్యూటర్ సోలినాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేని స్థితిలో వాల్వులు రెండో గేరునే ఇచ్చేలా డిజైన్ చేశారు. హైవే మీద బండి హఠాత్తుగా రెండో గేరులో ఇరుక్కుని అరుస్తూ ఇంటికి చేరడం ఆ వ్యాన్ల యజమానులందరికీ తెలిసిన అనుభవం.

చెడిపోయిన ఏ604ను విప్పి చూస్తే చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయి. పోయేది కాగితం. క్లచ్ ప్లేట్ల మీద అతికించేది రెసిన్ పట్టించి గట్టిపరచిన సెల్యులోజ్ కాగితమే. దానికి తోడు ఆయిలు. ఈ ఎర్ర ఆయిలు కన్వర్టర్‌లో బలం మోస్తుంది, పిస్టన్లను తోస్తుంది, చల్లబరుస్తుంది, అరుగుదల ఆపుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కాగితం ఎంత మెత్తగా పట్టుకోవాలో నిర్ణయిస్తుంది. ఒకప్పుడు ఆ మెత్తదనం కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల ఆరంభంలో అమెరికా దాన్ని నిషేధించాక వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఏ604కు కావలసింది క్రైస్లర్ వారి 7176 రకం. షెడ్లలో చేతికి అందేది డెక్స్‌రాన్ అనే వేరే రకం. అదీ ఎరుపే, ఇదీ ఎరుపే. పోసేశారు. క్లచ్‌లు సరిగా పట్టుకోలేక వణికాయి, కాగితం కాలింది. తొలినాటి డిజైన్ లోపాలూ కొన్ని ఉన్నాయి, కంపెనీ వాటిని ఏళ్ళ తరబడి దిద్దుతూనే వచ్చింది. అయినా తప్పుడు ఆయిలు చంపినవి తక్కువేమీ కావని నా అభిప్రాయం.

అలాంటి గేర్‌బాక్స్ మార్చడం కండబలం పని, కానీ ప్రాణం రెండు మూడు చోట్ల ఉంటుంది. ఇంజన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి దాన్ని పై నుంచి వేలాడదీసి, యాక్సిల్ షాఫ్టులు లాగి, కన్వర్టర్ బోల్టులు విప్పి దించుతారు. కొత్తది ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నెట్టాలి. పంపు గాడిలో అది పూర్తిగా కూర్చోకుండా బోల్టులు బిగించారా, పంపు పగులుతుంది. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్‌ను, దాని పైపులను కడగకపోతే పాత క్లచ్‌ల పొడి వచ్చి కొత్తదాంట్లో చేరుతుంది. మూడోది తమాషాగా ఉంటుంది. గేర్‌బాక్స్ కొత్తది, కంప్యూటర్ పాతదే. దాని జ్ఞాపకంలో అరిగిపోయిన పాత క్లచ్‌ల లెక్కే ఉంది. కొత్త క్లచ్‌లకు కూడా అంతే ఆయిలు పంపి కుదిపేస్తుంది. అందుకే స్కాన్ టూల్ పెట్టి క్విక్ లెర్న్ అనే పద్ధతిలో కొత్త కొలతలు నేర్పించాలి.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. ఏ604 పేరు 41టీఈగా మారింది, 2007లో దానికి ఆరు గేర్ల తమ్ముడు వచ్చాడు. ఇప్పుడు తొమ్మిది గేర్లు మామూలైపోయాయి. 2014లో సెలెరియో కారుతో మన దగ్గర ఊపందుకున్న ఏఎంటీ ఈ వంశానికి చెందింది కాదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పనీ రాడ్ జరిపే పనీ మోటారు చేస్తుంది. ఎపిసైక్లిక్ సెట్ చూడాలంటే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో చూడవచ్చు. ఇంజన్‌నూ రెండు మోటార్లనూ కలిపేది అదే.

అమెరికాలో పాత మినీవ్యాన్ నడుపుతున్న మనవాళ్ళకు ఒక మాట. గేర్లు సరిగా పడటం లేదని షెడ్డువాళ్ళు మొత్తం మార్చాలంటే, ముందు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చదివించండి, ఆయిలు రంగూ వాసనా చూడండి. సెన్సరో సోలినాయిడో పోయి ఉంటే గేర్‌బాక్స్ దించకుండానే అయిపోయే పని కావచ్చు. మార్చక తప్పకపోతే, మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోస్తున్నారా, కూలర్ కడిగారా, కంప్యూటర్‌కు కొత్త కొలతలు నేర్పారా అని అడిగాకే డబ్బు ఇవ్వండి.